ఎస్కలాద్ కుండ

సెవ్రిన్ జాక్‌మె గుడ్డ చుట్ట విప్పి తన చిన్న కత్తిని తీసి కమలాపండు తొక్క మీద ఆనించింది. తొక్క తెగలేదు. నలిగింది.

కత్తిని కిటికీ వైపు తిప్పి చూసింది. బయట బీస్ అనే ఉత్తరపు చలిగాలికి సరస్సు నురుగులు కక్కుతోంది. గట్టు కమ్మీలకు మంచు మేకుల్లా వేలాడుతోంది. వెలుతురుకు మాత్రం లోటు లేదు. కత్తికి మొన లేదు. నిన్నటిదాకా సూదిలా ఉన్నచోట ఎలుక కొరికినట్టు మొద్దుగా ఉంది. చిటికెనవేలి గోరులో సగమంత ఉక్కు ఎక్కడో రాలిపోయింది.

గోడ గడియారంలో పదకొండుంబావు అయింది.

ముందు గుడ్డ దులిపింది. తర్వాత బల్ల మీద, బల్ల కింద, సొరుగులో చూసింది. చేతులు ఇంకా వెతుకుతుండగానే బుర్ర అసలు సంగతి తేల్చేసింది. ఈ కత్తితో ఆఖరిసారి చేసిన పని నిన్న మధ్యాహ్నం పన్నెండింటిది. బాదం ముద్దతో చేసిన క్యారెట్లకు గీతలు, ముల్లంగికి వేరు, బఠానీకాయలకు చీలిక. రెండువందల ముప్పై బుల్లి కూరగాయలు. పని కాగానే కత్తి తుడిచి చుట్టలో పెట్టి, రెండింటికి ఇంటికి వెళ్లింది. ఐదింటికి తిరిగొచ్చి ఆ కూరగాయల్ని తన చేతులతోనే కుండలోకి దింపింది. మూత పెట్టి, అంచు చుట్టూ కరిగించిన చాక్లెట్ పూసి, తానే మూసింది.

అయితే మొన కుండలో ఉంది.

సెవ్రిన్ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

డిసెంబరు పన్నెండున, గోడెక్కుతున్న శత్రువు నెత్తిన ఒక అవ్వ కుండెడు వేడి సూపు పోసిన రాత్రిని తలుచుకునే ఎస్కలాద్ పండుగకు, జెనీవాలో చాక్లెట్ కుండ లేని ఇల్లుండదు. అంగళ్లలో గుప్పెడంతవి కూడా దొరుకుతాయి. సెవ్రిన్ పనిచేసే మోంబ్రియాన్ హోటల్ కుండ సంగతి వేరు. పన్నెండు కిలోలు, మూడు కాళ్లు, పొట్ట మీద బంగారు రేకుతో నగరపు ముద్రలోని గద్ద, తాళంచెవి. దాన్ని పోసే రాగి అచ్చు హోటల్‌తో పాటు పుట్టింది. ఆ అచ్చుకు ఇనుము తగలకూడదు. బిగుసుకున్నా సరే, కర్ర చీలికతో నెమ్మదిగా విడదీయాల్సిందే. పోయినేడు కొరలి అనే అమ్మాయి తొందరపడి చెంచా కాడ దూర్చబోతే, పేస్ట్రీ షెఫ్ రొలాన్ బొకే ఆమెను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశాడు.

ఆ వంటశాలలో ఇంకో నియమం ఉంది. ఒకరి కత్తి ఇంకొకరు ముట్టరు. ఇది బొకే పెట్టింది కాదు, ఆయన గురువు కంటే పాతది. కత్తి చేతులు మారేది ఒకేసారి, దాని మనిషి ఈ పని మానేసే రోజున. బొకే నడుముకున్న సన్నటి కత్తి అలా ఆయన గురువు దగ్గర్నుంచి వచ్చిందే.

ఇప్పుడా కుండ ముందు హాల్లో పూలమధ్య కొలువుదీరి ఉంది. పన్నెండున్నరకు నగరపు పాత కుటుంబాల సంఘం భోజనానికి వస్తుంది, అరవై నలుగురు. రెండింటికి కుండ భోజనశాలలోకి వస్తుంది. అక్కడున్నవాళ్లలో అందరికంటే పెద్దవారు, అందరికంటే చిన్నవారు చేతులు కలిపి పిడికిలితో దాన్ని పగలగొడతారు. పగిలిన మరుక్షణం పిల్లలు మీద పడతారు. ఏ ముక్క ఎవరి నోట్లోకి పోయిందో ఆ పైవాడికే తెలియాలి.

ఆ తర్వాత బొకే నాలుగు మాటలు మాట్లాడతాడు. కొత్త సంవత్సరం నుంచి ఆయన పని మానేస్తున్నాడు. తన చోటు ఎవరిదో అందరి ముందూ చెబుతాడు. ఆ పేరేమిటో వంటశాలలో గిన్నెలు తోమేవాళ్లకు కూడా తెలుసు. పంతొమ్మిదేళ్లు ఆయన పక్కన నిలబడ్డ సెవ్రిన్ ఆ మాట కోసమే పొద్దున తెల్ల కోటు రెండుసార్లు ఇస్త్రీ చేసుకుంది.

కుండలో పట్టక మిగిలిన పంతొమ్మిది కూరగాయలు ఒక డబ్బాలో ఉన్నాయి. వాటిని పాలరాయి మీద పరిచి ఒక్కొక్కటీ బొటనవేలితో చిదిమింది. క్యారెట్లు, క్యాబేజీలు, ముల్లంగులు అన్నీ మెత్తటి ముద్దయ్యాయి. ఉక్కు తగల్లేదు. ఒక్కటి తగిలి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ చేతులు కడుక్కుంది.

భోజనశాల తలుపు దగ్గర అదెలినో తెల్ల చేతితొడుగులు వేసుకుంటున్నాడు. పోర్చుగల్ నుంచి వచ్చి ముప్పయ్యేళ్లుగా ఈ భోజనశాలను నడిపిస్తున్న మనిషి.

"ఏంటమ్మా పెళ్లికూతురా, మొహం అలా పాలిపోయింది? కిరీటం పెట్టేది రెండింటికి, ఇప్పుడే వణికితే ఎలా?"

"అదెలినో, కాపలావాళ్ల దగ్గర ఒక కర్ర ఉంటుందే, మంత్రులొచ్చినప్పుడు ఒంటి చుట్టూ తిప్పి లోహం ఉందేమో చూసేది. అది తెచ్చిపెట్టవా?"

"ఎవర్ని తడుముతావ్?"

"కుండని."

అదెలినో నవ్వబోయి ఆమె కళ్లు చూసి ఆగాడు. ఇంకేమీ అడక్కుండా వెళ్లి కర్ర తెచ్చాడు. సెవ్రిన్ మొన లేని కత్తిని అతనికి చూపించింది. ఇద్దరూ కుండ చుట్టూ ఉన్న పూలబుట్టల్ని జరిపారు. సెవ్రిన్ మీట నొక్కి కర్రను కుండ దగ్గరకు తీసుకెళ్లిందో లేదో అది కీచుమంది. పైన పెడితే కీచు, కింద పెడితే కీచు, మూతమీద పెడితే మరీను. అటుగా పోతున్న ఇద్దరు జపాన్ అతిథులు ఆగి మర్యాదగా చూశారు.

"అమ్మో, ఎన్ని ముక్కలు పడేశావే?" అన్నాడు అదెలినో గుసగుసగా.

సెవ్రిన్ కళ్లు మూసుకుంది. "ముక్కలు కాదు. మిఠాయిలు. కూరగాయల మధ్య వందదాకా మిఠాయిలు వేస్తాం కదా, అన్నిటికీ వెండి కాగితాలే."

"ఏం జరుగుతోందిక్కడ? నా కుండకు జ్వరం చూస్తున్నారా?"

రొలాన్ బొకే మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పొడుగాటి టోపీ, ఉతికి ఆరేసినట్టున్న తెల్ల మీసం. అదెలినో కర్రను వెనక్కి దాచుకున్నాడు. సెవ్రిన్ దాచలేదు. మొన లేని కత్తిని అరచేతిలో పెట్టి చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

బొకే కుండ వైపు చూడలేదు. కత్తి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"కుండలో ఏం లేదు," అన్నాడు.

"మీకెలా తెలుసు మస్యూ?"

"నలభై ఒక్క కుండలు పోశాను. తెలుసు."

"ముక్క ఎక్కడుందో తెలిస్తే నాకూ ధైర్యంగా ఉంటుంది. అది దొరకలేదు కదా."

"నీళ్ల గొట్టంలో పోయుంటుంది. చెత్తబుట్టలో పోయుంటుంది. మొన విరిగినంత మాత్రాన మతి కూడా విరగ్గొట్టుకుంటావా? ఆ కర్ర ఇచ్చేసి రండి. జనం చూస్తున్నారు."

"మస్యూ బొకే, దీన్ని పిల్లలు తింటారు."

"నేను పూచీ," అన్నాడాయన గొంతు తగ్గించి. "నా మాట చాలదా నీకు? పంతొమ్మిదేళ్ల తర్వాత?"

ఆయన ఆ మాట అనడంలో ఏదో బతిమాలినట్టుంది. బొకే బతిమాలడం ఆమె ఎప్పుడూ వినలేదు. అందుకే తల దించుకుంది. ఆయన దాన్ని ఒప్పుకోలనుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ రెండు గంటలూ సెవ్రిన్ నిప్పుల మీద నడిచినట్టు నడిచింది. భోజనశాలలోకి కూరగాయల సూపు వెళ్లింది, ఖాళీ పళ్లేలు వచ్చాయి. సరస్సు చేప వెన్నలో వేగి వెళ్లింది, ముళ్లు తిరిగొచ్చాయి. ఆ చేపముళ్ల పళ్లేన్ని ఆమె చేతిలోకి తీసుకుని చూసింది. ముల్లైతే గొంతులో గుచ్చుకుంటుందని తినేవాడికి ముందే తెలుసు. చూసుకుని తింటాడు. బాదం ముద్దలో ముల్లుంటుందని ఎవరనుకుంటారు?

ఆయన చెప్పింది నిజం కావచ్చు. మొన నీళ్లలో పోయుండొచ్చు. నూటికి తొంభైపాళ్లు అంతే. ఇప్పుడు నోరు విప్పితే ఆయన నలభై ఒక్క ఏళ్ల పేరుకు ఆఖరి పండుగనాడు మచ్చ పడుతుంది. తనకు రావాల్సిన చోటు సంగతి చెప్పక్కర్లేదు. కత్తిమొన కుండలో పడేసుకున్న మనిషికి వంటశాల అప్పగించేది ఎవరు? విప్పకపోతే మిగిలిన పదిపాళ్లు. ఆ పదిపాళ్లకు ఒక నోరు, ఒక గొంతు ఉన్నాయి.

"ఈసారి అందరికంటే చిన్నది ఎవరు?" అని అడిగింది, పళ్లేలతో వచ్చిన అదెలినోను.

"లియోని. నాలుగేళ్లు. సూపు పోసే అవ్వలా వేషం వేసుకొచ్చింది, నెత్తిమీద తెల్ల టోపీ, చేతిలో గరిటె. మా వాళ్లందరికీ ఆ గరిటెతో ఒక్కొక్కటి తగిలింది." అదెలినో ఆమె వైపు వంగాడు. "కాస్త ఆలస్యం చేద్దామంటే వీలు కాదు, ముందే చెబుతున్నా. మురళీ, డప్పుల వాళ్లు రెండింటికి ద్వారం దగ్గర ఉంటారు. వాళ్లని మహారాజు కూడా ఆపలేడు."

"మనకు మహారాజులు లేరుగా."

"అందుకే ఆపలేడంటున్నా."

రెండింటికి డప్పు మోగింది.

నలుగురు వడ్డనవాళ్లు కుండను పల్లకీలా మోసుకొచ్చారు. వెనక బొకే, ఆయన వెనక సెవ్రిన్. కిటికీల పొడవునా సరస్సు, బల్లల మీద కొవ్వొత్తులు, అరవై నలుగురూ లేచి నిలబడ్డారు. కుండను మధ్య బల్ల మీద దించారు. హోటల్ డైరెక్టర్ మస్యూ వెయార్ చిరునవ్వుతో ఒక అడుగు వెనక్కి వేశాడు.

తొంభై మూడేళ్ల మదామ్ ఎద్మె కొర్ను కర్ర ఊతంతో వచ్చింది.

"మళ్లీ నేనేనా?" అంది చుట్టూ చూసి. "తొమ్మిదేళ్లయింది, ఈ పదవికి ఒక్కరైనా పోటీకి రారేం? వచ్చినవాళ్లందర్నీ సాగనంపి అలిసిపోయాను."

అందరూ నవ్వారు. లియోనిని కుర్చీ ఎక్కించారు. గరిటె వదలనంది. బలవంతంగా తీసుకుంటే పెదవి విరిచింది. ముసలావిడ ముడతల చెయ్యి, పాప చెయ్యి ఒకదాని మీద ఒకటి పడి పైకి లేచాయి. హాలంతా ఒక్క గొంతుతో, కుండ పగిలేటప్పుడు అనే ఆ పాత మాటలు అందుకుంది: "గణరాజ్యపు శత్రువులు..."

"ఆగండి."

తన గొంతు అంత గట్టిగా ఉంటుందని సెవ్రిన్‌కు తెలియదు. డప్పువాడి పుల్ల గాల్లో ఆగిపోయింది.

"నేను సెవ్రిన్ జాక్‌మె. కుండలో కూరగాయలు చేసింది నేను. నా కత్తి మొన విరిగింది. ముక్క దొరకలేదు. కుండలో ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉందో లేదో తేలేదాకా దీంట్లోది ఎవరూ తినకూడదు."

బయట గాలి ఊళ వినిపిస్తోంది. మస్యూ వెయార్ చిరునవ్వు మొహం మీదే గడ్డకట్టింది. సెవ్రిన్ పక్కకు చూసింది. బొకే మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన వెనక్కి తిరిగి, ఎవర్నీ చూడకుండా, వంటశాల తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

ఒంటరిదాన్నయ్యాను, అనుకుంది.

"పగలగొట్టొచ్చా?" అని అడిగింది మదామ్ కొర్ను. పైకెత్తిన చెయ్యి ఆవిడ ఇంకా దించలేదు.

"పగలగొట్టొచ్చు మదామ్. తినకూడదు."

"ఆ రోజున మాత్రం ఎవరు తిన్నారటమ్మా? కుండెడు సూపూ గోడెక్కే శత్రువు నెత్తినే కదా పోసింది. ఎసరు వృథా అయిందని ఆ అవ్వ ఏడ్చినట్టు ఎక్కడా వినలేదు." ఆవిడ పాప వైపు తిరిగింది. "రా తల్లీ, గట్టిగా కొట్టు. నా ఎముకల మీద నమ్మకం పెట్టుకోకు."

"గణరాజ్యపు శత్రువులు ఇలాగే నశించారు!"

కుండ పెళ్లుమంది. పొట్ట చీలి, కూరగాయలు, వెండి మిఠాయిలు బల్లమీద దొర్లాయి. ఎప్పుడూ రేగే కేరింతలు ఇవాళ లేవు. తల్లులు పిల్లల భుజాలు పట్టుకుని వెనక్కి లాగారు. అదెలినో మనుషులు బల్ల చుట్టూ దడి కట్టినట్టు నిలబడ్డారు.

దడి కట్టేలోపే లియోని పిడికిట్లోకి ఒక పెంకు వెళ్లిపోయింది.

సెవ్రిన్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అది నాకిస్తావా?"

"ఇవ్వను. నేనే పగలగొట్టా."

"నువ్వే పగలగొట్టావు. నా కత్తి ముక్క పోయింది. అందులో ఉందేమో చూడాలి."

పాప పిడికిలి కొద్దిగా విప్పి లోపలికి తొంగి చూసింది. "లేదు. చాక్లెట్టే ఉంది."

"నాకూ అలాగే అనిపిస్తోంది. అయినా చూడాలి."

"మళ్లీ ఇస్తావా?"

"ఇది ఇవ్వలేను. నీకోసం వేరేది చేసి ఇస్తాను."

"పేద్దది?"

"నువ్వు మోయగలిగినంత."

పాప వేడికి మెత్తబడ్డ పెంకును ఆమె అరచేతిలో పెట్టింది. వేళ్లకంటిన చాక్లెట్ నాకబోతే వాళ్లమ్మ రుమాలుతో తుడిచేసింది.

మస్యూ వెయార్ సెవ్రిన్ చెవి దగ్గరకు వంగాడు. "బుట్టల్లో ఎత్తించి లోపలికి తీసుకుపో. సోమవారం నా గదికి రా."

"ఎత్తేటప్పుడు ఒక్కటి జారి కిందపడినా లెక్క తప్పుతుంది మస్యూ. ఇక్కడే కోస్తాను. అందరూ చూస్తుండగా."

ఆమె తెల్లబట్ట పరిచి, ఆ మొద్దు కత్తితోనే కోయడం మొదలుపెట్టింది. ఒక క్యారెట్. రెండు చెక్కలు, నాలుగు చెక్కలు, వేలితో నలిపి పక్కన. ఇంకో క్యారెట్. అతిథులు ఒక్కొక్కరే కూర్చున్నారు. అదెలినో కాఫీ పోయించాడు. నలభై అయ్యాయి. యాభై. ఏమీ లేదు. ఎవరో మగమనిషి గొణిగాడు, "ఇంతా చేసి ఇందులో ఏమీ లేకపోతే ఈవిడ పని గోవిందా." సెవ్రిన్ విననట్టే అరవయ్యో ముక్క నలిపింది.

వంటశాల తలుపు తెరుచుకుంది.

బొకే తల మీద టోపీ లేదు. ఆ టోపీ లేకుండా ఆయన్ని ఆమె పంతొమ్మిదేళ్లలో చూడలేదు. నెరిసిన జుట్టు నెత్తికి అంటుకుపోయి ఎవరో ముసలి తాతలా ఉన్నాడు. నేరుగా బల్ల దగ్గరకు వచ్చి, మడిచిన చిన్న కాగితాన్ని ఆమె ముందు పెట్టాడు.

"కోయకు. అందులో లేదు."

కాగితం విప్పితే మొన తళుక్కుమంది.

"నిన్న నువ్వు ఇంటికెళ్లాక అచ్చు విడదీయబోయాను," అన్నాడు. ఆమెతోనే అంటున్నా, హాలంతటికీ వినపడేలా అన్నాడు. "బిగుసుకుంది. కర్ర చీలిక ఎక్కడ పెట్టానో కనపడలేదు. నీ కత్తి దగ్గర్లో ఉంది. దూర్చాను. విరిగింది. కొరలిని నేనే ఇంటికి పంపించాను, పోయినేడే. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇవాళ్టి రోజు గడిస్తే చాలనుకున్నాను. నువ్వు ఇంతదాకా వస్తావనుకోలేదు."

మస్యూ వెయార్ పెద్దగా ఊపిరి వదిలాడు. "అమ్మయ్య! అయితే ప్రమాదమేమీ లేదన్నమాట. మిత్రులారా..."

"ఒక్క నిమిషం మస్యూ," అంది సెవ్రిన్.

కోపం రావాల్సిన చోట ఆమెకు ముందు చెయ్యి కదిలింది. మొనను గోటితో ఎత్తి, కత్తి విరిగిన అంచుకు ఆనించి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంది. పైన అతికింది. కింద అతకలేదు. రెంటి మధ్యా నువ్వుగింజంత సందులోంచి సరస్సు తెల్లగా మెరిసింది.

"ఇందులోంచి వెలుతురు వస్తోంది."

బొకే తల వంచి, కళ్లు చికిలించి చూశాడు. "నాకేం కనపడటం లేదే. సరిగ్గానే అతికింది."

"మీకు కనపడదు మస్యూ." ఆమె ఆ మాట మెల్లగా అంది. "ఇంకో పలుకు ఉంది. అచ్చులో ఎక్కడ దూర్చారు?"

"రెండు సగాలు కలిసే అంచున. పొట్ట దగ్గర."

అంటే బాదం ముద్దలో కాదు, చాక్లెట్‌లోనే. పొట్ట దగ్గర. పాప పిడికిట్లోకి వెళ్లిన పెంకు కూడా పొట్ట ముక్కే. ఇద్దరికీ ఒకేసారి అది తట్టింది. ఇద్దరూ ఆ పెంకు వైపు చూశారు.

బొకే పక్క కుర్చీని పట్టుకున్నాడు. "ఏమీ లేదని పూచీ పడ్డాను," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

మదామ్ కొర్ను కర్రతో నేలమీద కొట్టింది. "వెయార్, అలా గుడ్లప్పగించి చూడకుండా మాకు కాస్త చీజ్ తెప్పించు. వాళ్ల పని వాళ్లని చేసుకోనీ."

పెంకులన్నీ ఏరి, బల్లమీది పొడి కూడా కుంచెతో ఎత్తి, వంటశాలకు తెచ్చారు. మూడు గిన్నెల్లో వేసి వేడినీళ్ల మీద పెట్టారు. చాక్లెట్ మెల్లగా కుంగింది. నగరపు గద్ద రెక్క వాల్చింది, తాళంచెవి కరిగింది, బంగారు రేకు మీగడలా పైకి తేలింది. జల్లెడ మీద పలచటి బట్ట పరిచి బొకే పట్టుకున్నాడు, సెవ్రిన్ పోసింది. మొదటి గిన్నె అయింది. బట్టమీద బంగారు రేకు తునకలు తప్ప ఏమీ లేవు. రెండోది అయింది. సెవ్రిన్ బట్ట అంతా గోటితో అంగుళం అంగుళం గీరింది. ఏమీ లేదు.

మూడోదాన్ని సగం పోసి బట్ట గీరుతుంటే ఆమె గోటికింద ఏదో గరుకుగా తగిలింది.

వేడినీళ్లలో కడిగి నల్లరాతి పలక మీద పెట్టింది. నువ్వుగింజ కంటే సన్నం. రెండు పక్కలా పదును. మొనను పక్కన చేర్చి, కత్తిని చేర్చి, వెలుతురుకు వంగి చూసింది. ఇప్పుడు సందు లేదు.

ఆ మూడో గిన్నెలో ఏ పెంకులు వేశారో, పాప ఇచ్చింది అందులోనే ఉందో లేదో వాళ్లకు గుర్తులేదు. గుర్తు చేసుకునే ప్రయత్నం ఇద్దరిలో ఎవరూ చేయలేదు.

బొకే పక్క బల్ల మీదున్న భూతద్దం తీసుకుని ఆ మూడు ముక్కల్నీ చూశాడు.

"రెండేళ్లుగా ఇదీ వరస," అన్నాడు. "కళ్లద్దాలు పెట్టుకుంటే ముసలాడైపోయాడంటారని పెట్టుకోలేదు."

సెవ్రిన్‌కు కోపం అప్పుడొచ్చింది. "ముసలాడంటే ఏమవుతుంది? పొద్దున మెట్ల మీద నిలబడి అడిగారు, నా మాట చాలదా అని. చాలు అనేసి ఉంటే? నేను తల దించుకున్నాను కూడా! రెండు గంటలు దించుకునే ఉన్నాను!"

"అవును," అన్నాడాయన. సాకులు చెప్పకపోవడం ఆమెకు కొంచెం నయమనిపించింది.

అదెలినో తలుపు సందులోంచి తల పెట్టాడు. "బతికే ఉన్నారా? దొరికిందా?"

పలకమీదికి చూపు సాగించి, గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. "చీజ్ తింటున్నారు. ముసలావిడ వెయార్‌ను కూర్చోబెట్టి వాయిస్తోంది. లియోని నిన్ను అడగమంది, తన కుండ ఎప్పుడిస్తావని. ఇంకో సంగతి, రాత్రి భోజనాలకు నలభై మంది. కమలాపండు తొక్కల మిఠాయి పెడతామన్నారు. ఒక్క తొక్కైనా కోశారా?"

"ఇప్పుడే," అంది సెవ్రిన్ అలవాటుగా, చెయ్యి చాచి. చాచిన చేతికి మొన లేని కత్తి తగిలింది. దాన్ని మళ్లీ పలకమీద పెట్టేసింది.

బొకే తన నడుము దగ్గర చెయ్యి పెట్టాడు. ఒర విప్పి, తన సన్నటి కత్తిని తీశాడు. పదును వైపు తను పట్టుకుని, పిడిని ఆమె వైపు తిప్పాడు.

"మస్యూ బొకే, ఇంకా పంతొమ్మిది రోజులున్నాయిగా."

"లేదు. వెయార్‌తో ఇప్పుడే చెప్పొస్తాను, నేను చేసింది కూడా. నీ పేరు చెబుతాను. ఆయన వింటాడో, సోమవారం పిలిచి ఇంకేమంటాడో నాకు తెలియదు. నా నోట ఇంకో పేరు మాత్రం రాదు. కొరలికి కూడా ఒక ఉత్తరం రాయాలి." ఆయన పిడిని ఇంకాస్త ముందుకు జరిపాడు. "పట్టుకో అమ్మాయ్. ముందు మొన చూసుకో."

సెవ్రిన్ పిడి అందుకుంది. కిటికీ దగ్గరకు వెళ్లి మొనను వెలుతురుకు పెట్టి చూసింది. ఒకవైపు చూసి, తిప్పి రెండోవైపూ చూసింది. తర్వాత తడిబట్టతో తుడిచి, కమలాపండు తీసుకుని, తొక్క మీద ఆనించింది.